లంకకు వచ్చిన చుట్టం

తెర మీద ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. నాంచారికి నమ్మకం కుదరక, కెమెరా తీగ ఊడిందేమోనని కదిలించి చూసింది. తీగ బాగానే ఉంది. చుక్కలే ఆరిపోతున్నాయి.

ఆ గాజు పళ్ళెంలో ఉన్నవి మనిషి ఊపిరితిత్తుల నుంచి తీసి పెంచిన జీవకణాలు. వాటి మీద వేసింది బాతుజ్వరం వైరస్. రెండేళ్ళుగా వరికోతలు అవగానే బాతుల మందలతో పాటు కొల్లేటి లంకల్లో దిగి, ఇంటికొకరిని పొట్టన పెట్టుకుంటున్న పాపిష్టిది అదే. కంటికి కనపడనిది ఎటు పోతోందో తెలియాలి కదా. అందుకని సముద్రంలో మిణుకుమనే ఒక జెల్లీ చేప జన్యువును తెచ్చి దాని ఒంట్లో అతికించారు. వైరస్ ఎక్కడికి పోతే అక్కడ ఆకుపచ్చ వెలుగు. ఇన్నాళ్ళూ ఆ వెలుగు పళ్ళెమంతా పాకేది, కణాలన్నీ చచ్చేవి, చివరికి తెర నల్లబడేది. ఆ నలుపును చూసి చూసి నాంచారికి విసుగు కూడా చచ్చిపోయింది.

ఈసారి పచ్చదనం మధ్యలో ఎర్రటి నలుసులు లేచాయి. అవి పెరిగినచోటల్లా పచ్చ వెలుగు సన్నగిల్లింది. చూస్తూ చూస్తుండగానే ఒక మూల శుభ్రమైంది. ఆ మూలలో కణాలు బతికే ఉన్నాయి.

ఎర్రగా వెలిగే జన్యువు తగిలించిన ఆ నలుసు పేరు చుట్టం. అదేం పేరని నవ్వకండి. దానికి ఇంత పొడుగు ఇంగ్లీషు పేరు కూడా ఉంది గానీ అది ఎవరికీ నోరు తిరగదు. బాతుజ్వరం వైరస్‌నే తీసుకుని, రోగం పుట్టించే జన్యువుల్నీ, సొంతంగా బతికే జన్యువుల్నీ కత్తిరించి పారేస్తే మిగిలిన పీలిక అది. వైరస్ లేనిచోట కదలదు, మెదలదు. వైరస్ జీవకణంలో జొరబడి తన సంతానం కోసం వంట మొదలెట్టగానే ఈ పీలిక నిద్రలేచి ముందు పంక్తిలో కూర్చుంటుంది. వండిందంతా ఇదే తినేసి, ఇదే పిల్లల్ని పెడుతుంది. అసలువాడికి మెతుకు మిగలదు. పెళ్ళిళ్ళలో అలాంటి చుట్టాల్ని మనమంతా చూసినవాళ్ళమే.

"సార్, చూస్తున్నారా?" అంది నాంచారి, సూటు లోపలి మైకులో.

పక్కనే తెల్ల సూటులో ఉబ్బినట్టు నిలబడి ఉన్న అబ్రహాం గారు తెర మీంచి చూపు తిప్పలేదు. గుంటూరు మనిషి, ప్రయోగశాలకు పెద్ద, ఎవర్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు.

"మాట్లాడకుండా చూడమ్మా," అన్నాడు. "ఇలాంటిది ఇంకోసారి చూస్తామో లేదో."

జన్యు అక్షరాల తోక లాంటి ఒక పీలిక. బుద్ధి లేదు, కళ్ళు లేవు, ప్రాణం ఉందో లేదో కూడా గట్టిగా చెప్పలేరు. అది ఒక మహమ్మారిని కూర్చోబెట్టి ఆకలితో చంపుతోంది. నాంచారికి దండం పెట్టాలనిపించింది కానీ సూటు చేతులు అంత దగ్గరికి రావు.

*

నాంచారిది కొల్లేటి లంకే. ఏలూరు శివార్లలోని ఈ ప్రయోగశాలకీ ఆమె పుట్టిన ఊరికీ బస్సులో కొంత, దోనెలో కొంత ప్రయాణం. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అన్న పెద్దింట్లు, వదిన సుబ్బాయమ్మ పెంచారు. నిరుడు కోతలప్పుడు ఆ వదిన బాతుజ్వరంతో పోయింది. పోయేముందు ఆమె మనిషిని గుర్తుపట్టలేదు. పక్కనే వైరస్ డాక్టరైన ఆడపడుచు ఉండి చేయగలిగింది తడిబట్ట వేయడం ఒక్కటే. ఆ రోజు నాంచారికి తన చదువు మీదే అసహ్యం వేసింది.

కోతులలో చుట్టం హాని చేయలేదని తేలాక ముందు ఆరోగ్యవంతుల్లో, ఆపైన రోగుల్లో పరీక్షించడానికి అనుమతి వచ్చింది. ముందుకొచ్చిన వాళ్ళలో పెద్దింట్లు మొదటివాడు.

"నువ్వొద్దన్నయ్యా, నా సొంతవాళ్ళని చేర్చుకుంటే బాగోదు."

"బాగోకపోటం ఏంటే? మా చెల్లి చేసిన మందు నేనే ఏసుకోకపోతే ఊళ్ళో ఇంకెవడు ఏసుకుంటాడు? మీ వదిన ఉంటే నాకన్నా ముందు చెయ్యి చాపేది." అబ్రహాం గారు వేరే డాక్టరు చేత అతన్ని పరీక్ష చేయించి మరీ చేర్చుకున్నాడు.

ముక్కులో కొట్టిన చుట్టం గొంతు కణాల్లో నిద్రపోతూ కొన్ని నెలలు ఉంటుంది. ఎప్పుడైనా ఒకటీ అరా ఉమ్ములోకి రావచ్చు. అందుకని వాడిన వాళ్ళకి కట్టుబాట్లు పెట్టారు. కంచం వేరు, గ్లాసు వేరు, చుట్ట వేరు, పిల్లల్ని ముద్దుపెట్టుకోకూడదు. ఆ కట్టుబాట్లు రాసింది నాంచారే. మందైనా సరే, మనిషిని అడక్కుండా ఒంట్లోకి పోకూడదని ఆమె పట్టు. పొరపాటున బయటివాళ్ళలో కనపడితే తుంచేయడానికి ఒక మాత్ర కూడా ఉంది. చుట్టం ఒంట్లో ముందే ఒక బలహీనమైన కీలు పెట్టి ఉంచారు, ఆ మాత్ర వేస్తే ఆ కీలు దగ్గర అది తెగిపోతుంది. దాన్ని అందరూ కళ్లెం అనేవారు.

ఒక ఆదివారం నాంచారి లంకకి వెళ్ళింది. పెద్దింట్లు కూతురు భవాని పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. అల్లుడు చేపల లారీ మీద అస్సాం పోయాడు. వదిన లేని ఇంట్లో పెద్దింట్లే వంటా వార్పూ. తన కంచం మీద మేకుతో గీత గీసుకుని, గ్లాసు వేరే గూట్లో పెట్టుకుని, "చూశావా చెల్లీ, అంటరానోడిలాగా బతుకుతున్నా," అని నవ్వాడు.

పరిగెల పులుసు వండాడు. పరిగెలంటే వేలెడంత చేపలు, రుచి అమోఘం, ముళ్ళు మాత్రం దారప్పోగుల్లాంటివి. లంకలో పిల్లలకి పెద్దవాళ్ళు చేపని తమ నోట్లో వేసుకుని, నాలుకతో ముళ్ళన్నీ ఏరేసి, మెత్తటి కండ తీసి పెడతారు. నాంచారికి వదిన అలాగే పెట్టింది. భవానికి ఇప్పుడు నెలలు నిండుతున్నా ముళ్ళు తీసుకోవడం రాదు. కూతురు పక్కన పీట వేసుకుని కూర్చుని పెద్దింట్లు ఒక్కో పరిగెనూ నోట్లో తిప్పి, ముళ్ళు కింద ఊసి, కండ ఆమె అన్నంలో పెడుతున్నాడు.

"రేపు నీ బిడ్డకి ఎవరు తీస్తారే?" అంది నాంచారి.

"మా నాన్నే తీస్తాడు. అంతేగా నాన్నా?"

నాంచారి హాయిగా నవ్వి, మరో పరిగె వేసుకుంది. ఎదురుగా కూర్చుని అంతా చూసింది. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. పుట్టినప్పటి నుంచీ కళ్ళ ముందు జరిగేది ఎవరికైనా అలాగే ఉంటుంది.

*

కోతలయ్యాయి. బాతులు దిగాయి. వాటి వెనకే జ్వరం.

భవానిని దోనెలో ఒడ్డుకి, అక్కణ్ణుంచి అంబులెన్సులో ప్రయోగశాల పక్కనున్న జ్వరాల వార్డుకి తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. నిరుడు ఈ జ్వరం వచ్చిన గర్భిణుల్లో ఒక్కరూ ఇంటికి తిరిగి రాలేదు. ఆ సంగతి లంకలో అందరికీ తెలుసు, భవానికీ తెలుసు. పెద్దింట్లు వార్డు బయట సిమెంటు దిమ్మ మీద తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

రక్తపరీక్ష కాగితం అబ్రహాం గారు తెచ్చాడు. ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"నాంచారీ, ఈ అమ్మాయికి మనం చుట్టం ఇచ్చామా?"

"లేదు సార్. గర్భిణులకి ఇవ్వకూడదని రాసిందే నేను."

"ఒంటినిండా ఉంది. వైరస్ కూడా ఉంది, కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గింది."

నాంచారి తిన్నగా బయటికి వెళ్ళి అన్న ముందు నిలబడింది. కంచం గురించి అడిగింది, గ్లాసు గురించి అడిగింది. అన్నిటికీ తలకాయ అడ్డంగా ఊపాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. అడుగుతుండగానే ఆమెకి ఆ ఆదివారం గుర్తొచ్చింది. పీట, పరిగెలు, నేల మీద ఊసిన ముళ్ళు, తన నవ్వు. అన్న పక్కన ఆ దిమ్మ మీదే కూలబడింది.

"నేనేమైనా తప్పు చేశానా చెల్లీ?"

"చేశావన్నయ్యా. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను." ఏం జరిగిందో చెప్పింది. పెద్దింట్లు విన్నాడు, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. వాళ్ళిద్దరూ ఏడ్చిన సంగతి దాచాల్సిన అవసరం నాకేం కనపడలేదు.

*

నిబంధన ప్రకారం బయటి మనిషిలో చుట్టం కనపడితే వెంటనే కళ్లెం వేయాలి. మాత్ర డబ్బా నాంచారి జేబులోనే ఉంది. వేస్తే చుట్టం తెగిపోతుంది, వైరస్‌కి అడ్డు ఉండదు. వేయకపోతే, కడుపులో బిడ్డకి చుట్టం ఏం చేస్తుందో లోకంలో ఎవరికీ తెలియదు. కోతుల్లో కూడా ఆ పరీక్ష ఇంకా మొదలవలేదు.

"నువ్వు మేనత్తవి. నిర్ణయం నీది కాకూడదు," అన్నాడు అబ్రహాం గారు. "నాదీ కాదు. ఆ పిల్ల తెలివిలో ఉందిగా, ఆమెనే అడుగు. నేను పక్కన ఉంటాను."

నాంచారి, వెనకే అబ్రహాం గారు సూట్లు వేసుకుని వార్డులోకి వెళ్ళారు. సూటు అద్దం వెనక మేనత్త మొహాన్ని గుర్తుపట్టడానికి భవానికి కొంచెం టైము పట్టింది.

"అత్తా, నేను పోతానా?"

"తెలీదే. విను. నీ ఒంట్లో నేను చేసింది ఒకటి ఉంది. మీ నాన్న నుంచి వచ్చింది. నిన్ను అడక్కుండా వచ్చింది, దానికి నాదే పూచీ. ఈ మాత్ర ఏసుకుంటే అది పోతుంది."

"అది నన్నేం చేస్తంది?"

"జ్వరంతో కొట్లాడుతున్నట్టుంది."

"మరి పోవటం ఎందుకు?"

"బిడ్డకి ఏమవుతుందో నాకు తెలీదు. నిజంగా తెలీదు. మంచే కావచ్చు, చెడే కావచ్చు."

భవాని కళ్ళు మూసుకుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మగతలోకి జారిపోయిందేమో అనుకునేంతలో మళ్ళీ మాట్లాడింది. "నువ్వైతే ఏం చేస్తావత్తా?"

"అది మాత్రం నేను చెప్పను."

"చెప్పవులే. మొండిదానివని మా అమ్మ ఎప్పుడూ అనేది." పెదాలు తడుపుకుంది. "నేను పోతే ఇదీ పోద్ది. మాత్ర ఒద్దు. ఉండనీ."

అబ్రహాం గారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, పైవాళ్ళకి ఫోను చేయడానికి బయటికి వెళ్ళాడు. ఆ ఫోను తర్వాత ప్రయోగం మొత్తం ఆపేశారు. నాంచారిని పెత్తనం నుంచి తప్పించారు, పళ్ళేలు చూడటానికి మాత్రం ఉండనిచ్చారు. ఇంకా అసలు దెబ్బ ఏమిటంటే, ప్రయోగం ఆగింది కాబట్టి వార్డులో మిగిలిన రోగులెవరికీ చుట్టం ఇవ్వడానికి వీల్లేదు. మందు అరలో ఉంది, మనుషులు మంచాల మీద ఉన్నారు. నాంచారి వాళ్ళని దాటుకుంటూ నడవడానికి సిగ్గుపడింది.

పళ్ళేలైనా చూద్దామని కూర్చుంది. ఈ ఏటి బాతుల్లోని వైరస్‌ను తెచ్చి కణాల మీద వేసింది. బతికున్న కణం మాత్రమే వెలిగే రంగు ఒకటి కలిపింది. ఒక పళ్ళెంలో ప్రయోగశాల చుట్టాన్ని వేసింది, ఇంకో దాంట్లో భవాని ఉమ్ములోంచి తీసిన చుట్టాన్ని. మర్నాడు అబ్రహాం గారిని పిలిచింది.

మొదటి పళ్ళెం చీకటి. ఒక్క కణం మిగల్లేదు. ఈ ఏడు వైరస్ వేషం మార్చుకుని వచ్చింది, తాము చేసిన చుట్టాన్ని పంక్తిలో సరిగ్గా కూర్చోనివ్వలేదు. అరలో దాచిన ఆ మందంతా ఈ వార్డులో ఎవరికి ఇచ్చినా పనిచేసేది కాదు.

రెండో పళ్ళెం జిగేలుమని వెలుగుతోంది.

అబ్రహాం గారు తెర దగ్గరికి వంగాడు. నాంచారి రెండు చుట్టాల జన్యు అక్షరాల్నీ పక్కపక్కన పెట్టింది. వేల అక్షరాల్లో ఎక్కడో నాలుగు చోట్ల తేడా. వైరస్ ఎక్కడ వేషం మార్చిందో సరిగ్గా అక్కడే భవాని గొంతులోని చుట్టం కూడా మారింది. వైరస్ తన నకళ్ళు తీసుకునే పనిముట్లతోనే ఇదీ నకళ్ళు తీసుకుంటుంది. ఆ పనిముట్లు తప్పులు చేస్తాయి. అలా పుట్టిన తప్పుడు నకళ్ళలో పనికొచ్చినది నిలబడింది, పనికిరానివి పోయాయి. చదువుకున్న సంగతే. ఎదురుగా చూసేసరికి మాత్రం నాంచారి ఆ నాలుగు చోట్లనీ మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకుంది.

"మనమంతా కూర్చుని ఆర్నెల్లు తలలు బద్దలు కొట్టుకునే పని," అన్నాడు అబ్రహాం గారు. "ఆ పిల్ల జ్వరంలో పడుకుని చేసేసింది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. దేవుడి మాట ప్రయోగశాలలో ఎత్తని మనిషి ఆ రోజు ఏదో గొణుక్కున్నాడు.

*

భవానికి జ్వరం దిగింది. దిగిన మర్నాడే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. నర్సు వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది. అప్పుడు కెవ్వుమంది. బయట దిమ్మ మీద నుంచి పెద్దింట్లు లేచి, ఎటు వెళ్ళాలో తెలియక గోడ చుట్టూ తిరిగాడు. పిల్లల డాక్టరు రోజూ చూశాడు. జ్వరం లేదు, పాలు తాగుతోంది, గుప్పిట బిగించి పడుకుంటోంది. తల్లీ పిల్లా బతికారు. బాతుజ్వరంలో అలా బతికిన మొదటి జంట వాళ్ళే.

పైనుంచి కొత్త అనుమతి వచ్చింది. భవాని చుట్టాన్ని మిగతా రోగులకి ఇవ్వవచ్చు, ఆమె ఒప్పుకుంటే, ఆ రోగులూ ఒప్పుకుంటే. అడగడానికి నాంచారి బయల్దేరుతుంటే అబ్రహాం గారు తలుపు దగ్గర ఆపాడు. ఆమె చేతిలో ఒక చిన్న గొట్టం ఉంది. పురిటి సమయంలో నర్సు వార్డు అలవాటు కొద్దీ పసిదాని నోట్లోంచి తీసిన నమూనా అది. సీలు ఇంకా విప్పలేదు.

"తల్లిది చూశాం," అన్నాడాయన. "బిడ్డలోకి వెళ్ళిందా? వెళితే ఇంకెలా మారింది? మనిషి కడుపులో పుట్టిన మందు కావచ్చు అది. చూడాలని లేదా నీకు?"

"ఉంది సార్. చచ్చేంత ఉంది. దాని గురించీ అడిగి వస్తాను."

భవాని పక్కమీద కూర్చుని పిల్లకి పాలు పట్టిస్తోంది. మొహం పీక్కుపోయింది కానీ కళ్ళలో కళ తిరిగి వచ్చింది. నాంచారి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఏదీ దాచకుండా చెప్పింది. వార్డులో ఎంతమంది ఉన్నారో, ఆమె నోటి తడిలో ఏముందో, అది వాళ్ళకి ఎలా పనికొస్తుందో.

"ఉమ్మితే చాలా?" అంది భవాని.

"చాలు."

"ఇంతోటి దానికి అంత మొహం పెట్టావేంటత్తా. ఊళ్ళో ఊరికే ఊసుకుంటూ తిరుగుతాం." నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, నాంచారి చేతిలోని గొట్టం వైపు చూసింది. "అదెవరిది?"

"నీ కూతురిది. పుట్టగానే తీశారు. ఇందులో ఏముందో చూస్తే లోకానికి చాలా తెలుస్తుంది. పిల్లకి ఇప్పుడు దీంతో పనిలేదు, డాక్టరు బాగానే ఉందన్నాడు. నువ్వు ఊ అంటే చూస్తాను."

భవాని పిల్లని భుజం మీద వేసుకుని వీపు నిమిరింది. నాంచారి తొందరపెట్టలేదు.

"నాది ఎంత కావాలంటే అంత తీస్కో. రేపూ తీస్కో, ఎల్లుండీ తీస్కో. నన్ను ఒకసారి అడక్కుండా ఒచ్చింది, ఇప్పుడు అడిగావు, నేనిచ్చాను, సరిపోయింది. దీన్ని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు కదా." పిల్ల తల సర్దింది. "దీనిది మాత్రం దీన్నే అడుగు. పెద్దదయ్యాక."

నాంచారి సరేనంది. భవాని నోటి తడి గిన్నెలో పట్టుకుంది. ఆ వార్డులో ఒప్పుకున్న ప్రతి మనిషికీ ఆ చుట్టం అందింది. ముందే చేయి దాటిపోయిన వాళ్ళు తప్ప మిగతావాళ్ళంతా నడిచి దోనె ఎక్కారు. పసిదాని గొట్టాన్ని మాత్రం నాంచారి ఆ సాయంత్రమే సీలు విప్పకుండా, లోపలున్నదంతా ఉడికించి చంపేసే ఆవిరి పెట్టెలో పెట్టి, అబ్రహాం గారు చూస్తుండగా మీట నొక్కింది. పెట్టె చల్లారేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

ఆ పిల్ల ఈ ఏడు బళ్ళో చేరింది. నాంచారి ఇంకా అడగలేదు.